మానిటర్ లేని లినక్స్ సర్వర్‌కు తెర వచ్చిన చరిత్ర

మానిటర్, కీబోర్డు, మౌస్ ఏవీ తగిలించకుండా నడిపే కంప్యూటర్‌ను హెడ్‌లెస్ యంత్రం అంటారు. ఇళ్లలో రౌటర్ పక్కనో టీవీ స్టాండు వెనకో ఉండి రాత్రింబవళ్లు పనిచేసే లినక్స్ హోమ్ సర్వర్లు ఎక్కువగా ఈ కోవలోవే. ఫైళ్లు దాచడం, ఫొటోల బ్యాకప్, టీవీకి సినిమాలు అందించడం వంటి పనులకు వేరే కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత కనెక్షన్‌లో ఆదేశాలు టైపు చేస్తే సరిపోతుంది. కానీ బ్రౌజర్ తెరిచి పెద్ద ఫైలు నేరుగా సర్వర్‌లోకే దించుకోవాలన్నా, మెనూలతో తప్ప పనిచేయని ప్రోగ్రామ్ నడపాలన్నా డెస్క్‌టాప్ కావాలి. దాన్ని ఎంత దూరం నుంచైనా చూడవచ్చు గానీ, ముందు అది ఎక్కడో ఒకచోట తయారు కావాలి. మానిటరే లేని యంత్రంలో ఆ బొమ్మను ఎక్కడ గీయాలి? మధ్యలో కనెక్షన్ తెగితే దాన్ని ఎవరు నిలబెట్టి ఉంచాలి? లినక్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ చరిత్ర చాలావరకు ఈ రెండు ప్రశ్నల చరిత్రే.

తెర మీద అక్షరాలు మాత్రమే ఉన్న రోజుల్లో ఈ చిక్కు లేదు. యూనిక్స్ పుట్టిన కాలానికే కంప్యూటర్ ఒక గదిలో, మనుషులు టెలిటైప్ యంత్రాల ముందు మరో గదిలో ఉండేవారు. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ (డీఈసీ) తెచ్చిన వీటీ100 టెర్మినల్ కూడా సీరియల్ తీగ మీద అక్షరాలనే అటూ ఇటూ చేరవేసింది. బొమ్మను దూరానికి పంపిన సందర్భం మాత్రం అంతకు పదేళ్ల ముందే ఉంది. 1968 డిసెంబర్ 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కో సభలో మౌస్‌నూ, తెర మీద మార్చగల రాతనూ చూపించినప్పుడు ఆయన కంప్యూటర్ ఆ వేదిక మీద లేదు. అది మెన్లో పార్క్‌లోని పరిశోధనాలయంలో ఉంది. దాని తెర బొమ్మ మైక్రోవేవ్ లింకు ద్వారా వీడియోగా సభకు చేరింది. ఆ ఏర్పాటు అప్పట్లో ఒక్క పూట ప్రదర్శనకే సాధ్యమైంది.

నిత్య వాడుకకు పనికొచ్చే మొదటి జవాబు ఎంఐటీ నుంచి వచ్చింది. 1983లో డీఈసీ, ఐబీఎం సాయంతో అక్కడ ప్రాజెక్ట్ ఎథీనా మొదలైంది. ప్రాంగణమంతా రకరకాల కంపెనీల వర్క్‌స్టేషన్లు. ఎక్కడి ప్రోగ్రామ్ అయినా ఎక్కడి తెర మీదైనా కనబడాలన్నది లక్ష్యం. 1984లో బాబ్ షైఫ్లర్ స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన డబ్ల్యూ అనే విండో వ్యవస్థను తీసుకుని, దాని పనితీరు మార్చి, ఎక్స్ అని పేరు పెట్టాడు. జిమ్ గెటిస్ మొదటి నుంచీ ఆ పనిలో తోడున్నాడు. 1987 సెప్టెంబర్‌లో పదకొండో కూర్పు విడుదలైంది. ఎక్స్11 అనే ఆ ప్రోటోకాల్ పునాది మీదే లినక్స్ డెస్క్‌టాప్‌లు మూడు దశాబ్దాల పాటు నిలబడ్డాయి.

ఎక్స్‌లో సర్వర్ అనేది వాడేవారి బల్ల మీద ఉంటుంది. తెర, కీబోర్డు, మౌస్ ఎవరి చేతిలో ఉంటే వారి యంత్రంలో ఎక్స్ సర్వర్ నడుస్తుంది. దూరపు యంత్రంలోని ప్రోగ్రామ్ దానికి క్లయింట్‌గా వచ్చి ఇక్కడ గీత గీయి, అక్కడ ఈ అక్షరాలు రాయి అని అడుగుతుంది. దూరపు యంత్రానికి మానిటర్ అక్కరలేదు. ఆ లెక్కన హెడ్‌లెస్ యంత్రంలో గ్రాఫిక్ ప్రోగ్రామ్ నడపడం 1987 నాటికే మామూలు సంగతి. అయితే రెండు లోపాలు మిగిలాయి. ప్రోగ్రామ్ ప్రాణం నెట్‌వర్క్ తీగకు కట్టేసి ఉండేది. కనెక్షన్ తెగితే ప్రోగ్రామ్ కూడా ఆగిపోయేది, సగం రాసిన కాగితం పోయేది. పైగా చాలా పనులకు ప్రోగ్రామ్ ఒక ప్రశ్న పంపి, జవాబు వచ్చేదాకా ఆగాల్సి వచ్చేది. ప్రాంగణంలోని వేగవంతమైన నెట్‌వర్క్‌లో ఈ ఆలస్యం తెలియదు. ఇంటి మోడెమ్ మీద మాత్రం మెనూ తెరుచుకోవడానికే సెకన్లు పట్టేది.

1994లో వచ్చిన ఎక్స్11 ఆరో విడుదలలో ఎక్స్‌వీఎఫ్‌బీ అనే చిన్న సర్వర్ చేరింది. అది ఏ గ్రాఫిక్ కార్డునూ తాకకుండా మెమరీలోనే ఒక తెరను సృష్టించి, ప్రోగ్రాములు గీసేదంతా అందులో గీస్తుంది. పరీక్షల కోసం తయారైన ఈ సర్వర్ ఒక విషయం రుజువు చేసింది. ఎక్స్‌కు నిజమైన తెర ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. ఆ మెమరీ తెరను బయటివారికి చూపించే దారి మాత్రం ఎక్స్‌వీఎఫ్‌బీలో లేదు.

ఆ దారి ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో తయారైంది. ఆండీ హాపర్, హెర్మన్ హౌజర్ 1986లో ట్రంపింగ్‌టన్ వీధిలో ఒలివెట్టి పరిశోధనాలయాన్ని స్థాపించారు. చిన్న సంస్థే అయినా అక్కడ పుట్టిన ఆలోచనలు చాలా ముందుచూపున్నవి. ఉద్యోగులు యాక్టివ్ బ్యాడ్జ్ అనే పరికరం తగిలించుకునేవారు. అది పంపే సంకేతాన్ని బట్టి ఎవరు ఏ గదిలో ఉన్నారో కంప్యూటర్‌కు తెలిసేది. మనిషి వెళ్లిన గదిలోని తెర మీదికి అతని ఎక్స్ డెస్క్‌టాప్ కూడా వచ్చేలా టెలిపోర్టింగ్ అనే వ్యవస్థను అక్కడే తయారు చేశారు. వీడియోటైల్ అనే పలకలాంటి పరికరం కూడా అక్కడిదే. దాని మీద పెన్నుతో పనిచేయవచ్చు, కానీ అందులో సొంత తెలివి దాదాపు సున్నా. నెట్‌వర్క్ నుంచి వచ్చిన చుక్కలను చూపించడం, పెన్ను కదలికలను తిరిగి పంపడం తప్ప మరో పని తెలియదు. వీఎన్‌సీ అనే రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌కు మూలం ఈ పలకే. ఆ పలక చేసే పనిని సాఫ్ట్‌వేర్‌గా రాస్తే ఏ కంప్యూటర్ అయినా అలాంటి పలక కాగలదు.

ట్రిస్టన్ రిచర్డ్‌సన్, క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, కెనెత్ వుడ్, ఆండీ హాపర్ కలిసి రాసిన వీఎన్‌సీ పరిశోధనా పత్రం 1998లో వెలువడింది. వీరిలో స్టాఫర్డ్-ఫ్రేజర్ 1991లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ కంప్యూటర్ లాబొరేటరీలో మరొక ప్రసిద్ధ పనిలో పాలుపంచుకున్నాడు. ట్రోజన్ రూమ్‌లోని కాఫీ పాత్రలో కాఫీ ఉందో లేదో తమ కుర్చీల్లోంచే చూసుకోవడానికి పాల్ జార్డెట్‌స్కీ, ఆయన కలిసి కెమెరా బొమ్మను నెట్‌వర్క్‌లో పంపే ప్రోగ్రామ్ రాశారు. బొమ్మ తప్ప మరేమీ అడగని ఆ సరళతే వీఎన్‌సీలోనూ కనిపిస్తుంది.

వీఎన్‌సీ వాడే ఆర్‌ఎఫ్‌బీ ప్రోటోకాల్ పునాది ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: ఫలానా చోట ఈ చుక్కల దీర్ఘచతురస్రం పెట్టు. గీతలు, అక్షరాలు, విండోలు అనే భావనలే అందులో లేవు. అందుకే యూనిక్స్, విండోస్, మాక్ అన్నిటికీ అది సరిపోయింది. కొత్త బొమ్మ కావాలని చూసేవారి వైపు నుంచి అడిగితేనే సర్వర్ పంపుతుంది. నెమ్మది లైను మీద ఉన్నవారు తక్కువ సార్లు అడుగుతారు, మధ్యలోని మార్పులు వాటంతటవే దాటిపోతాయి. అయినా బొమ్మలు బరువైనవే. 1024 అడ్డం, 768 నిలువు చుక్కల తెరకు చుక్కకు రెండు బైట్ల చొప్పున 15,72,864 బైట్లు అవుతాయి. సెకనుకు 56 వేల బిట్లు పంపే మోడెమ్ మీద ఆ ఒక్క బొమ్మ రావడానికి మూడున్నర నిమిషాలు దాటుతుంది. అందుకని మారిన భాగాలనే పంపడం, వాటినీ కుదించడం మొదటి నుంచీ ఉన్నాయి. విండోను పక్కకు జరిపితే చుక్కలు మళ్లీ పంపకుండా, నీ దగ్గరున్న ఫలానా భాగాన్నే ఇక్కడికి నకలు చేసుకో అని చెప్పే పద్ధతి వాటిలో అన్నిటికంటే చురుకైనది.

హెడ్‌లెస్ లినక్స్‌కు అసలు మేలు చేసింది ఎక్స్‌వీఎన్‌సీ. విండోస్‌లో వీఎన్‌సీ ఎదురుగా ఉన్న నిజమైన తెరనే పంచుతుంది. యూనిక్స్‌లో అలా కాదు. ఎక్స్‌వీఎన్‌సీ ఒకవైపు ఎక్స్ సర్వర్, మరోవైపు వీఎన్‌సీ సర్వర్. ప్రోగ్రాములు దాన్ని మామూలు ఎక్స్ తెర అనుకుని గీస్తాయి, అది మెమరీలో దాచుకున్న బొమ్మను నెట్‌వర్క్‌లో అడిగినవారికి ఇస్తుంది. యంత్రంలోని అసలు తెరకు సున్నా సంఖ్య ఉంటుంది కాబట్టి ఈ మెమరీ తెర ఒకటితో మొదలవుతుంది. వీఎన్‌సీ పోర్టు 5900కు ఆ సంఖ్య కలిపితే 5901. నేటికీ హోమ్ సర్వర్‌లో వీఎన్‌సీ పెట్టుకునేవారు ముందుగా వాడేది ఈ పోర్టే. మానిటర్ ఉన్నా లేకపోయినా ఎక్స్‌వీఎన్‌సీకి తేడా తెలియదు. పైగా డెస్క్‌టాప్ బతికేది సర్వర్‌లోనే. చూసేవారి వైపు ఏదీ దాచిపెట్టదు. లైను తెగినా, ల్యాప్‌టాప్ మూసేసినా, మరో ఊరి నుంచి మళ్లీ కలిపితే కర్సర్ వదిలిన అక్షరం దగ్గరే ఉంటుంది. మొదట్లో అడిగిన రెండు ప్రశ్నలకూ ఇక్కడ ఒకేసారి జవాబు దొరికింది. ఆ తర్వాత వచ్చిన పద్ధతులన్నిటినీ దీనితో పోల్చి చూడటం సబబు.

పరిశోధనాలయం వీఎన్‌సీ మూలాన్ని జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సుతో అందరికీ ఇచ్చేసింది. విండోస్‌లో నడిచే చూపరి ప్రోగ్రామ్ ఫ్లాపీలోంచే నడిపేంత చిన్నది కావడంతో అది చేయి మారుతూ వ్యాపించింది. 1999లో ఏటీ అండ్ టీ ఆ పరిశోధనాలయాన్ని కొన్నది, 2002లో మూసేసింది. వీఎన్‌సీ రాసినవారిలో కొందరు అదే ఏడాది రియల్‌వీఎన్‌సీ కంపెనీ పెట్టారు. మూలం స్వేచ్ఛగా ఉన్నందున మూసివేత వల్ల సాఫ్ట్‌వేర్ ఆగలేదు. కాన్‌స్టాంటిన్ కాప్లిన్‌స్కీ నెమ్మది లైన్ల కోసం మెరుగైన కుదింపుతో టైట్‌వీఎన్‌సీ చేశాడు. 2009లో దాన్నుంచి విడివడిన టైగర్‌వీఎన్‌సీ లినక్స్ పంపిణీల్లో స్థిరపడింది. ఎక్స్11వీఎన్‌సీ అనేది వేరే రకం. అది అప్పటికే నడుస్తున్న ఎక్స్ తెరను పంచుతుంది తప్ప కొత్త తెరను పుట్టించదు. హెడ్‌లెస్ యంత్రంలో దీన్ని పెట్టి, తెర ఎందుకు రావడంలేదో తెలియక తికమకపడటం తరచూ జరిగేది.

ఇంకో తికమక బూడిద రంగు తెరది. తొలిసారి వీఎన్‌సీ పెట్టినవారికి చాలామందికి కనబడేది చిన్న చుక్కల నేతలాంటి బూడిద నేపథ్యం, మధ్యలో ఎక్స్ ఆకారపు కర్సర్. అది లోపం కాదు. ఎక్స్ సర్వర్ సక్రమంగా లేచింది, కానీ దాని మీద ఏ డెస్క్‌టాప్‌నూ ఎవరూ మొదలుపెట్టలేదు. వీఎన్‌సీ మొదలైనప్పుడు ఏమేమి నడపాలో ఎక్స్‌స్టార్టప్ అనే చిన్న స్క్రిప్టులో రాయాలి. పాత రోజుల్లో అందులో టీడబ్ల్యూఎం అనే విండో మేనేజర్, ఒక టెర్మినల్ మాత్రమే ఉండేవి. గ్నోమ్ వంటి పూర్తి డెస్క్‌టాప్ కావాలన్నవారు ఆ వరుస మార్చుకునేవారు. 2011లో గ్నోమ్ 3 త్రీడీ గ్రాఫిక్ కార్డు మీద ఆధారపడేసరికి మెమరీ తెర మీద అది సరిగా లేవక ఇబ్బంది పెట్టింది. హోమ్ సర్వర్లలో ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌డీఈ వంటి తేలికపాటి డెస్క్‌టాప్‌లు స్థిరపడటానికి ఇదొక ముఖ్య కారణం.

భద్రత విషయంలో తొలి వీఎన్‌సీ బలహీనమైనది. పాస్‌వర్డులో మొదటి ఎనిమిది అక్షరాలే లెక్కలోకి వచ్చేవి. లోపలికి వెళ్లాక బొమ్మలు, నొక్కిన మీటలు ఏ రహస్యలిపీ లేకుండా ప్రయాణించేవి. దీనికి మందు అప్పటికే ఫిన్లండ్‌లో తయారై ఉంది. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డుల దొంగతనం జరిగాక తాతు ఇలోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. 1999లో దాని స్వేచ్ఛా రూపం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వచ్చింది. ఎస్‌ఎస్‌హెచ్ తన లోపల వేరే పోర్టును మోసుకెళ్లగలదు. వీఎన్‌సీని సర్వర్ లోపలి చిరునామాకే పరిమితం చేసి, 5901 పోర్టును ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం గుండా తెచ్చుకోవడం అప్పటి నుంచి స్థిరపడిన పద్ధతి.

తెలుగులో టైపు చేసేవారికి ఆర్‌ఎఫ్‌బీ రూపకల్పనలో తెలుసుకోదగిన సంగతి ఒకటి ఉంది. అది ఏ మీట నొక్కారో పంపదు, ఆ మీట వల్ల పుట్టిన అక్షరం సంకేతాన్ని పంపుతుంది. ఆ సంకేతాలు ఎక్స్ విండో వ్యవస్థవి. యూనికోడ్ అక్షరాలకు వాటి సంఖ్యకు 1,67,77,216 కలిపితే ఎక్స్ సంకేతం వస్తుంది. ‘అ’ యూనికోడ్ సంఖ్య 3077 కాబట్టి 1,67,80,293 పంపాలి. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ చూసేవారి కంప్యూటర్‌లో ఉంటే తెలుగు అక్షరమే సర్వర్‌కు చేరుతుంది. అయితే సర్వర్‌లోని కీబోర్డు పట్టికలో ఆ అక్షరానికి మీట లేకపోతే వీఎన్‌సీ సర్వర్ అప్పటికప్పుడు ఒక ఖాళీ మీటకు దాన్ని కేటాయించాలి. పాత సర్వర్లు కొన్ని ఈ పని చేయక అక్షరాన్ని వదిలేసేవి. అలాంటి చోట చూసేవారి వైపు ఇంగ్లిష్ లేఅవుట్ ఉంచి, తెలుగు లేఅవుట్‌ను సర్వర్‌లోనే పెట్టుకోవడం నమ్మదగిన మార్గం.

ఇదే కాలంలో మైక్రోసాఫ్ట్ వేరే దారి పట్టింది. సిట్రిక్స్ నుంచి తీసుకున్న మల్టీవిన్ పరిజ్ఞానంతో 1998లో విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ వచ్చింది. దాని ఆర్‌డీపీ ప్రోటోకాల్‌కు పోర్టు 3389. ఆర్‌డీపీ చుక్కలతో పాటు గీత, అక్షరం వంటి గీసే ఆదేశాలను కూడా పంపుతుంది. ధ్వని, క్లిప్‌బోర్డు, ప్రింటర్ క్రమంగా చేరాయి. లినక్స్ వైపు మొదట మాథ్యూ చాప్‌మన్ రాసిన ఆర్‌డెస్క్‌టాప్ వచ్చింది, అది విండోస్ సర్వర్‌ను లినక్స్ నుంచి చూడటానికి. తిరుగు దారిని జే సోర్గ్ మొదలుపెట్టిన ఎక్స్‌ఆర్‌డీపీ తెరిచింది. మొదట్లో అది వెనకాల ఎక్స్‌వీఎన్‌సీనే నడిపి, వచ్చిన బొమ్మను ఆర్‌డీపీలోకి మార్చి ఇచ్చేది. తర్వాత లినక్స్‌లోని మామూలు ఎక్స్ సర్వర్ అయిన ఎక్స్‌ఆర్గ్‌నే తెర లేకుండా నడిపే మాడ్యూళ్లు వచ్చాయి. ఇంట్లో ల్యాప్‌టాప్ విండోస్‌ది అయితే అందులో ఆర్‌డీపీ క్లయింట్ ముందే ఉంటుంది, ఏమీ దించుకోనక్కరలేదు. ఎక్స్‌ఆర్‌డీపీ ఇళ్లలోకి రావడానికి ఈ సౌకర్యం ఎంతో ఉపకరించింది.

ఎక్స్ ప్రోటోకాల్‌ను విడిచిపెట్టకుండానే బాగుచేయాలని నోమెషీన్‌లో జాన్ ఫిలిప్పో పింజారి ప్రయత్నించాడు. 2000ల తొలి ఏళ్లలో వచ్చిన ఆయన ఎన్‌ఎక్స్, ఎక్స్ సందేశాలను గట్టిగా కుదించి, ప్రశ్నలకు వీలైనంతవరకు దగ్గరలోనే జవాబిచ్చి, మోడెమ్ మీద కూడా డెస్క్‌టాప్‌ను వాడదగినట్టు చేసింది. సెషన్‌ను ఆపి మళ్లీ కలుపుకునే వీలూ ఉండేది. కంపెనీ తర్వాతి కూర్పుల మూలాన్ని మూసేసినా, పాత స్వేచ్ఛా మూలం మీద ఎక్స్2గో కొనసాగింది.

ఇంటి సర్వర్లు సామాన్యమైనది ఈ సాఫ్ట్‌వేర్ సిద్ధమయ్యాకే. 2004లో లింక్‌సిస్ అమ్మిన ఎన్‌ఎస్‌ఎల్‌యూ2 అనే చిన్న డిస్కు పెట్టెలో 32 ఎంబీ ర్యామ్ మాత్రమే ఉండేది, మానిటర్ తగిలించే చోటే లేదు. ఔత్సాహికులు అందులో పూర్తి లినక్స్ ఎక్కించారు. 2009లో గోడ ప్లగ్గు ఆకారంలో షీవాప్లగ్ వచ్చింది. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల రాస్ప్‌బెర్రీ పై అమ్మకానికి రావడంతో విద్యార్థి జేబు ఖర్చుతో కూడా హోమ్ సర్వర్ సాధ్యమైంది. 2016లో దాని ఆపరేటింగ్ సిస్టమ్‌లో రియల్‌వీఎన్‌సీని ముందుగానే చేర్చి ఇచ్చారు. అందరికీ తెలిసిన తొలి పాస్‌వర్డుతో లక్షల యంత్రాలు నెట్‌లో ఉండటం ప్రమాదమని అదే ఏడాది చివర ఎస్‌ఎస్‌హెచ్‌ను మొదట మూసి ఉంచడం మొదలుపెట్టారు. మెమరీ కార్డులో ఎస్‌ఎస్‌హెచ్ పేరుతో ఖాళీ ఫైలు పెడితే అది తెరుచుకుంటుంది. మానిటర్ లేకుండానే యంత్రాన్ని లేపే ఆ చిట్కా హెడ్‌లెస్ వాడుకను ఎంతో సులువు చేసింది.

నిజమైన హెచ్‌డీఎంఐ పోర్టున్న యంత్రాలకు ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. మానిటర్లు తాము ఏ కొలతల బొమ్మ చూపగలవో ఈడిడ్ అనే 128 బైట్ల వివరపత్రంలో చెబుతాయి. తెరల ప్రమాణాలు రూపొందించే వీసా (VESA) సంస్థ దీన్ని 1994లో ప్రమాణంగా తెచ్చింది. తీగ చివర ఎవరూ లేకపోతే గ్రాఫిక్ కార్డు ఆ పత్రం దొరక్క తెరను అసలు మొదలుపెట్టదు, లేదా చాలా చిన్న కొలతతో సరిపెడుతుంది. ఉన్న తెరనే పంచే సాఫ్ట్‌వేర్‌కు అప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. దీనికి డమ్మీ ప్లగ్గులు పుట్టాయి. బొటనవేలంత ప్లగ్గులో ఈడిడ్ రాసిన చిన్న చిప్పు తప్ప మరేమీ ఉండదు. దాన్ని గుచ్చగానే కంప్యూటర్ మానిటర్ ఉందనుకుని పూర్తి కొలతల తెర తెరుస్తుంది. రాస్ప్‌బెర్రీ పైలో అయితే మానిటర్ ఉన్నట్టే భావించమని సెట్టింగుల ఫైలులో ఒక వరుస రాస్తే సరిపోయేది.

ఇంటి బయటి నుంచి సర్వర్‌ను చేరడం ఐపీవీ4 చిరునామాలు కరువయ్యాక కష్టమైంది. భారతదేశం సహా చాలా చోట్ల ఇంటర్నెట్ కంపెనీలు ఒకే బయటి చిరునామాను అనేక ఇళ్లకు పంచుతున్నాయి. అప్పుడు రౌటర్‌లో పోర్టు తెరిచినా లాభం లేదు. రెండు వైపులా మధ్యవర్తి సర్వర్‌కు కలిపే టీమ్‌వ్యూయర్ 2005 నుంచీ ఉంది, తర్వాత అదే పద్ధతిలో స్వేచ్ఛా మూలంతో రస్ట్‌డెస్క్ వచ్చింది. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రాసిన వైర్‌గార్డ్ అనే రహస్య సొరంగం 2020లో లినక్స్ కెర్నల్‌లోకే చేరాక, బయటి చిరునామా ఉన్న చిన్న అద్దె సర్వర్‌ను మధ్యలో పెట్టి, రిమోట్ డెస్క్‌టాప్‌ను ఆ సొంత సొరంగంలోంచి నడుపుకోవడం తేలికైంది.

పెద్ద మార్పు ఎక్స్ స్థానంలోకి వేలాండ్ రావడంతో వచ్చింది. క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ 2008లో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో ప్రోగ్రామ్ తన బొమ్మను తానే గీసి, తెర మొత్తాన్ని కూర్చే కంపోజిటర్‌కు అప్పగిస్తుంది. నెట్‌వర్క్‌లో గీసే ఆదేశాలు పంపడమనే ఎక్స్ లక్షణాన్ని పక్కన పెట్టారు. ఒక ప్రోగ్రామ్ మరొక ప్రోగ్రామ్ తెరను, మీటలను చూడలేదు. భద్రతకు అది మంచిదే, కానీ తెరను గమనించి బతికే ఎక్స్11వీఎన్‌సీ వంటివి అక్కడ పనిచేయవు. 2016 నవంబర్‌లో ఫెడోరా 25 వేలాండ్‌ను ప్రధాన తెరగా తీసుకున్నప్పుడు రిమోట్ డెస్క్‌టాప్‌కు సరైన ప్రత్యామ్నాయం సిద్ధంగా లేదు. ఆ ఖాళీ కొన్నేళ్లు నిజంగానే బాధించింది. తెర బొమ్మను అనుమతితో బయటికిచ్చే పైప్‌వైర్, దాని మీద గ్నోమ్ రిమోట్ డెస్క్‌టాప్ క్రమంగా ఎదిగాయి. 2021లో గ్నోమ్ 40 కంపోజిటర్ మానిటర్ లేకుండానే ఊహా తెరతో నడవడం నేర్చింది. ఎక్స్‌వీఎన్‌సీ ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్న పని వేలాండ్‌లో అప్పటికి మొదలైంది.

2024 మార్చిలో వచ్చిన గ్నోమ్ 46లో ఎవరూ లాగిన్ కాని యంత్రానికి ఆర్‌డీపీ ద్వారా నేరుగా లాగిన్ కావడం సాధ్యమైంది. తెర కొలత చూసేవారి కిటికీని బట్టి ఏర్పడుతుంది. మరో డెస్క్‌టాప్ కేడీఈ కూడా అదే ఏడాది తన సొంత ఆర్‌డీపీ సర్వర్‌ను చేర్చింది. 2023 అక్టోబర్‌లో రాస్ప్‌బెర్రీ పై 4, 5 యంత్రాలు వేలాండ్‌కు మారినప్పుడు రియల్‌వీఎన్‌సీ బదులు వేవీఎన్‌సీ వచ్చింది. 2024లో బ్రౌజర్‌లోంచే తెర చూపే రాస్ప్‌బెర్రీ పై కనెక్ట్ మొదలైంది. 2025లో రెడ్ హ్యాట్ తన పదో ఎంటర్‌ప్రైజ్ లినక్స్ నుంచి ఎక్స్‌ఆర్గ్ సర్వర్‌ను తొలగించింది. అలాంటి పంపిణీలు వాడే హోమ్ సర్వర్లలో హెడ్‌లెస్ గ్నోమ్, ఆర్‌డీపీ మార్గమే మిగిలింది. డెబియన్ వంటి వాటి మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ, టైగర్‌వీఎన్‌సీ జోడీ 5901 పోర్టులో ఇప్పటికీ నడుస్తోంది.